నవ్వుల పాస్టరు గారు

ఇంటికి చుట్టాలొచ్చారు. భోజనాల గదిలో ఓ పల్లెటూరి పిల్ల చేతిలో తువ్వాలుతో నిలబడి ఉంది. ఇంటాయన ఆ పిల్లను పిలిచి, నీ నేరాల చిట్టా ఓసారి అప్పజెప్పమన్నారు. ఆ పిల్ల బెదరలేదు, బిత్తరపోలేదు. చేతులు కట్టుకుని, బళ్లో ఎక్కాలు చెప్పినట్టు మొదలెట్టింది. తినడం పూర్తికాకుండానే కంచాలు లాగేయడం... పులుసు ఒలకబోయడం... తలుపులు ధడేలున వేయడం... ఈగలు పట్టడం... అయినదానికీ కానిదానికీ వంగి వంగి దండాలు పెట్టడం! వచ్చినవాళ్లకు అంతా అర్థమైంది కానీ, ఈగలు పట్టడమేమిటో అంతుబట్టలేదు. చెప్పింది చెవిన పెట్టకుండా నోరు తెరుచుకుని నిలబడటానికి ఆ ఇంట్లో పెట్టుకున్న పేరట అది.

ఆ ఇంటాయన నాటకాల రాయుడేమీ కాదు. చర్చి పాస్టరు. పేరు సిడ్నీ స్మిత్. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, ఫోస్టన్ అనే పల్లెలో కాపురం ఉండేవారు. మగ నౌకరును పెట్టుకునే స్తోమత లేక, తోటపని చేసే చిన్నపిల్లను తెచ్చి 'బంచ్' అని ముద్దుపేరు పెట్టారు. కూతుళ్లు ఆ పిల్లకు చదువు నేర్పారు. భార్య వడ్డన నేర్పారు. నడవడిక నేర్పే పని మాత్రం తానే తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆ చుట్టుపక్కల బంచ్‌ను మించి వడ్డించేవాళ్లే లేరని గొప్పగా చెప్పుకొనేవారు.

దేవుడి పని చేసే మనిషి గంభీరంగా ఉండాలని లోకం అనుకుంటుంది. పూజారైనా, మౌల్వీ అయినా, పాస్టరైనా అంతే. ఆయన జోకులేస్తే జనం నవ్వుతారు. నవ్వాక 'ఈయనకిదేం పని' అని గొణుక్కుంటారు. సిడ్నీ స్మిత్ విషయంలోనూ అదే జరిగింది. ఆయన మాటలకు లండన్ పెద్దలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వి, బిషప్ పదవులు మాత్రం వేరేవాళ్లకు ఇచ్చారు.

ఆరు చెంచాల ఆస్తి

సిడ్నీ స్మిత్ 1771 జూన్ 3న ఎసెక్స్‌లోని వుడ్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రిది ఒకచోట కుదురుగా ఉండే స్వభావం కాదు. ఇల్లు కొనడం, దానికి మార్పులు చేయడం, ఆ మార్పులతో దాన్ని పాడుచేయడం, అమ్మేసి ఇంకో ఇల్లు కొనడం... ఇదే ఆయన వ్యాపకం. కొడుకు లాయరు కావాలనుకున్నాడు. తండ్రి ఆ చదువుకు డబ్బు పెట్టనన్నారు. మిగిలింది చర్చి ఒక్కటే. అలా ఇష్టపడకుండానే సిడ్నీ పాస్టరయ్యారు.

మొదటి ఉద్యోగం సాలిస్‌బరీ మైదానంలోని నెదరావన్ అనే కుగ్రామంలో. మాంసం బండి వారానికి ఒక్కసారే వచ్చేది. మిగతా రోజుల్లో ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద కాస్త కెచప్ చల్లుకుని భోజనం అయిందనిపించేవారు. ఆ ఊరి జమీందారుకు ఈ కుర్ర పాస్టరు నచ్చాడు. తన కొడుక్కి ట్యూషన్ చెప్పమన్నాడు. పిల్లాడిని తీసుకుని జర్మనీ వెళ్దామనుకుంటే అక్కడ యుద్ధం. దాంతో 1798లో దారి మళ్లి ఇద్దరూ ఎడింబరో చేరారు.

1800లో కేథరిన్ పైబస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె తండ్రి జాన్ పైబస్ మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసినవాడే. 1762లో కంపెనీ రాయబారిగా సింహళంలోని కాండీ రాజు దగ్గరికి వెళ్లింది ఆయనే. అంతటి ఇంటి పిల్లను చేసుకుంటూ వరుడు తెచ్చిన ఆస్తి ఏమిటంటే... అరిగిపోయిన ఆరు చిన్న వెండి చెంచాలు! వాటిని పెళ్లికూతురి ఒళ్లో పడేసి, నా సర్వస్వం నీకే ఇచ్చేస్తున్నాను, నీ అంత అదృష్టవంతురాలు లేదు పొమ్మన్నారట.

ఎడింబరోలో జెఫ్రీ, బ్రూమ్, హార్నర్ అనే ముగ్గురు కుర్ర మిత్రులు దొరికారు. 1802లో వాళ్లంతా కలిసి 'ఎడింబరో రివ్యూ' పత్రిక పెట్టారు. ఆ ఆలోచన సిడ్నీదే. పత్రిక మొదటి పేజీలో వేయడానికి ఓ నినాదం కావాలన్నారు మిత్రులు. ఓట్స్ గంజి తాగుతూ సాహిత్య సేద్యం చేస్తున్నామనే అర్థం వచ్చే లాటిన్ మాట ఒకటి సూచించారు సిడ్నీ. అది మరీ నిజానికి దగ్గరగా ఉందని వాళ్లు ఒప్పుకోలేదు! ఆ గంజి పత్రికే తర్వాత బ్రిటన్‌లో మంత్రులు సైతం భయపడే పత్రిక అయింది.

మూర్ఛపోయే ఎద్దులు

లండన్ వచ్చాక సిడ్నీ దశ తిరిగింది. 1804 నుంచి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలకు జనం విరగబడ్డారు. గుర్రబ్బళ్లతో ఆ వీధి నిండిపోయేది. ఆ డబ్బుతోనే ఇంటికి కుర్చీలూ బల్లలూ కొనుక్కున్నారు. ఇక మనకు ఫర్వాలేదనుకుంటున్న సమయంలో ఫోస్టన్ వచ్చిపడింది. 1806లో ఆ చర్చి ఆయన పేరున రాశారు. అప్పట్లో చాలామంది పాస్టర్లు జీతం తీసుకుని ఊరి మొహం చూసేవారు కాదు. సిడ్నీ కూడా మొదట్లో ఆ బాపతే. పాస్టరు తన ఊళ్లోనే ఉండాలని పైనుంచి పట్టుబట్టేసరికి, 1809లో భార్యాపిల్లలతో యార్క్‌షైర్ బండెక్కక తప్పలేదు.

ఫోస్టన్‌లో 150 ఏళ్లుగా ఏ పాస్టరూ కాపురం ఉండలేదు. ఉండటానికి ఇల్లంటూ లేదు. చర్చి గుమస్తా ముసలాయన కొత్త పాస్టరును ఎగాదిగా చూశాడు. లండన్ నుంచి వచ్చేవాళ్లంతా వెర్రిబాగులవాళ్లే అయి ఉంటారని అనుకునేవాణ్ని, నువ్వు మాత్రం అలా లేవే అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ రోజుల్లో తన పల్లె ఎంత మారుమూలో చెప్పడానికి సిడ్నీ మైళ్ల లెక్కను నిమ్మకాయతో కొలిచేవారు. ఒక్క నిమ్మకాయ కావాలంటే పన్నెండు మైళ్లు వెళ్లాలట!

ఇల్లు కట్టడం ఎలాగో తెలియదు. ఆర్కిటెక్టు వేసిన ప్లానుకు తన దగ్గరున్న డబ్బు చాలదు. తానే ప్లాను గీసుకున్నారు. సొంతంగా కాల్చిన ఇటుకలు పనికిరాకుండా పోయాయి. ఇటుకలూ కలపా తోలడానికి ఎద్దులు మంచివని ఎవరో సలహా ఇస్తే నాలుగు ఎద్దులు కొన్నారు. వాటికి పేర్లు కూడా పెట్టారు... మన భాషలో చెప్పాలంటే లాగుడు, గుంజుడు, ఈడ్చుడు, పాకుడు. అందులో మొదటి రెండూ ఉత్తపుణ్యానికి మూర్ఛపోవడం మొదలెట్టాయి. బకెట్లకు బకెట్లు స్పృహ తెప్పించే మందు కావాల్సి వచ్చేదని ఆయన వాపోయేవారు. మిగతా రెండూ బురద కనిపిస్తే చాలు పడుకునేవి. ఎద్దుల్ని అమ్మేసి గుర్రాలు కొన్నారు. తొమ్మిది నెలల్లో ఇల్లు లేచింది. 1814లో గృహప్రవేశం చేశారు.

ఆయన స్వారీ చేసే గుర్రం పేరు 'ఉపద్రవం'. ఓసారి అది విసిరిన విసురుకు పక్క ఊరి చర్చి పరిధిలో పడ్డానని చెప్పేవారు. చర్చికి మూడు వందల ఎకరాల పొలం ఉండేది. పొద్దస్తమానం పొలం గట్ల మీద తిరగలేక, గుమ్మంలో నిలబడి పెద్ద బాకా ఊదినట్టు గొట్టంలోంచి కూలీలకు పని పురమాయించేవారు. వాళ్లు పని చేస్తున్నారో లేదో చూడటానికి పక్కనే టెలిస్కోప్. పొలంలో పశువులు ఒళ్లు రుద్దుకోవడానికి గేట్లూ దడులూ విరగ్గొడుతుంటే, ఒకవైపు పొట్టి గుంజ, రెండోవైపు పొడుగు గుంజ పాతించి, వాటి మీద అంచులున్న వాసం ఏటవాలుగా పెట్టించారు. గొర్రెపిల్ల నుంచి ఏనుగు దాకా ఎవరి ఎత్తుకు తగ్గచోట వాళ్లు గోక్కోవచ్చన్నమాట. గేట్లు బతికాయి.

ఇదంతా సరదా కబుర్లలా ఉంటుంది కానీ, ఆ ఊళ్లో డాక్టరు కూడా ఆయనే. ఎడింబరోలో ఉన్నప్పుడు నేర్చుకున్న కాస్త వైద్యంతో రైతుకూలీలకు మందులిచ్చేవారు. సీసాలకు కూడా నవ్వొచ్చే పేర్లే. చర్చి పొలంలో కొంత భాగాన్ని చిన్న చిన్న మడులుగా చేసి, నామమాత్రపు కౌలుకు పేదలకిచ్చారు. కూరగాయలు పండించుకోమన్నారు. 1816లో వానలకు గోధుమలన్నీ మొలకెత్తి పాడైపోతే, పాస్టరు గారింట్లోనూ ఆ పొంగని రొట్టెలే తిన్నారు.

తుఫానుకు ఎదురు తుడుపుకర్ర

ఇంట్లో నవ్వించడం వరకైతే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. సిడ్నీ రాజ్యం చేసే పనుల మీద నవ్వారు. అసలు గొడవంతా అక్కడే.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో కేథలిక్కులు పార్లమెంటులో కూర్చోవడానికి వీల్లేదు. పెద్ద ఉద్యోగాలకు పనికిరారు. సిడ్నీ కేథలిక్ కాదు, సర్కారు వారి చర్చిలో పాస్టరు. నోరు మూసుకుని కూర్చుంటే ఆయనకే లాభం. 1807లో 'పీటర్ ప్లిమ్లీ' అనే దొంగపేరుతో, పల్లెటూళ్లో పాస్టరుగా ఉన్న అబ్రహాం అనే అన్నదమ్ముడికి రాస్తున్నట్టుగా ఉత్తరాలు అచ్చేశారు. అన్నదమ్ముడూ కల్పితమే, రాసినవాడూ కల్పితమే. నెపోలియన్ గుమ్మం దాకా వచ్చేస్తుంటే సొంత మనుషుల్నే శత్రువులుగా చేసుకునే తెలివి ఏమిటని ఆ ఉత్తరాల్లో మంత్రుల్ని ఆటపట్టించారు. దేశమంతా చదివి నవ్వింది. ఎవరు రాశారో కనుక్కోవడానికి ప్రభుత్వం తంటాలు పడింది. 1839లో తన రచనల సంపుటాల్లో చేర్చేదాకా సిడ్నీ అవి నావేనని ఒప్పుకోలేదు. కేథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరుచుకుంది మాత్రం 1829లో.

1831లో మరో ఘట్టం. ఎక్కువమందికి ఓటు హక్కు ఇచ్చే సంస్కరణ బిల్లును ప్రభువుల సభ తిప్పికొట్టింది. దేశంలో అలజడి. ఆ అక్టోబరులో టాంటన్ పట్టణంలో సభ జరిగితే సిడ్నీ లేచి ఓ కథ చెప్పారు. 1824లో సిడ్మత్ అనే సముద్ర తీరపు ఊరిని పెను తుఫాను ముంచెత్తింది. అలలు ఇళ్లలోకి వచ్చేస్తుంటే పార్టింగ్టన్ అనే ముసలమ్మ తుడుపుకర్ర పట్టుకుని గుమ్మంలోకొచ్చి సముద్రాన్ని వెనక్కి తోయడం మొదలెట్టిందట. అట్లాంటిక్ సముద్రానికీ కోపమొచ్చింది, ముసలమ్మకూ కోపమొచ్చింది. ఇంటి ముందు నీళ్లు ఎత్తిపోయడంలో ఆమెకు సాటిలేదు కానీ, తుఫానుతో పెట్టుకోకుండా ఉండాల్సిందన్నారు సిడ్నీ. సభ నవ్వులతో దద్దరిల్లింది. ప్రభువుల సభను తుడుపుకర్ర ముసలమ్మగా చూపిస్తూ వ్యంగ్య చిత్రాలు వచ్చాయి. ఏడాది తిరక్కుండా 1832లో బిల్లు నెగ్గింది.

ఆయన నవ్వు ఒక్కోసారి కత్తిలా ఉండేది. పొగగొట్టాలు శుభ్రం చేయడానికి పసిపిల్లల్ని పంపే దురాచారం మీద 1819లో రాసిన వ్యాసంలో, ఓ గొప్పింటి విందును నోరూరేలా వర్ణించారు. చక్కని వంటకాలు, అందమైన అతిథులు, చమత్కారాలు... చదువుతున్నవాడు ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టే అనుకుంటాడు. అప్పుడు నింపాదిగా చెబుతారు. విందుకు అరగంట ముందు వంటింటి పొగగొట్టానికి నిప్పంటుకుందని, దాన్ని ఆర్పడానికి ఆరేడేళ్ల పిల్లాడిని ఆ మంటల్లోకి ఎక్కించారని, బల్ల దగ్గర కూర్చున్న ఎవరికి తెలుసని! ఆ దురాచారాన్ని పూర్తిగా అరికట్టే చట్టం 1875లో గానీ రాలేదు. నేరం మోపిన మనిషి తరఫున లాయరు జ్యూరీ ముందు మాట్లాడటానికి వీల్లేదన్న నియమం మీద 1826లో రాశారు. పదేళ్లకు అది మారింది.

అయితే ఆయన నవ్విన ప్రతి నవ్వూ మెచ్చుకోదగ్గది కాదు. 1806లో వెల్లూరులో సిపాయిలు తిరగబడ్డారు. మతం జోలికి వస్తున్నారన్న అనుమానం కూడా అందుకో కారణం. రెండేళ్లకు సిడ్నీ ఎడింబరో రివ్యూలో మన దేశంలోని క్రైస్తవ మిషనరీల మీద విరుచుకుపడ్డారు. జనం విశ్వాసాలతో చెలగాటమాడితే ముప్పు అన్నది ఆయన వాదన. అంతవరకు ఆలోచించదగ్గ మాటే. కానీ అక్కడితో ఆగలేదు. విలియం కేరీ ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడని ఎగతాళి చేశారు. బీదవాళ్ల పక్షాన అంతగా నిలబడ్డ మనిషి కలం నుంచి ఆ మాట రావడం బాధగానే ఉంటుంది. ఆ చెప్పులు కుట్టిన కేరీయే శ్రీరామపురంలో కూర్చుని 1814లో ఇంగ్లిషులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించారు. సిడ్నీ సోదరులు ముగ్గురు మన దేశంలో కొలువు చేశారు కానీ, ఆయన మాత్రం ఎన్నడూ ఇటు రాలేదు.

వాళ్లలో పెద్దాయన రాబర్ట్ బెంగాల్లో కంపెనీకి అడ్వొకేట్ జనరల్. మనిషి మహా గంభీరం. మా ఇద్దరి విషయంలో ప్రకృతి సూత్రం తల్లకిందులైందనేవారు సిడ్నీ. బరువైనవాడు కాబట్టి అన్న పైకి పోయాడట, తేలికైనవాణ్ని కాబట్టి తాను కిందికి దిగిపోయానట. నవ్వుతూ అన్నదే. కానీ అందులో నిజం ఉంది. తన పార్టీ వాళ్లు అధికారంలోకి వచ్చాక 1831లో లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో కానన్ పదవి ఇచ్చారు. ఆ పైన బిషప్ పదవులు ఖాళీ అయ్యాయి, నిండాయి. సిడ్నీకి పిలుపు రాలేదు. ఆయన్ను బిషప్ చేయకపోవడం తప్పేనని ప్రధానిగా చేసిన మెల్బోర్న్ తర్వాత విచారించారంటారు.

మనసు బాగాలేనప్పుడు

ఇంతగా నవ్వించే మనిషికి దిగులంటే తెలియదనుకుంటే పొరపాటు. 1820 ఫిబ్రవరిలో లేడీ జార్జియానా మోర్పెత్ అనే స్నేహితురాలు మనసు బాగాలేక కుంగిపోతుంటే ఆయనో ఉత్తరం రాశారు. ఈ జబ్బు నాకూ ఉంది కాబట్టి చెబుతున్నానని మొదలెట్టి, వరసగా ఇరవై చిట్కాలు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పే మాటల్లాగే ఉంటాయవి. చన్నీళ్లు పోసుకోమన్నారు. టీ, కాఫీలు ఒంటికి ఎలా పడుతున్నాయో గమనించుకోమన్నారు. జీవితాన్ని మరీ దూరం చూడొద్దు, ఇవాళ్టి రాత్రి భోజనం దాకానో సాయంత్రం టీ దాకానో చూస్తే చాలన్నారు. దిగులుగా ఉందన్న సంగతి స్నేహితుల దగ్గర దాచొద్దన్నారు. రోజూ కూర్చునే గదిని కళకళలాడేలా ఉంచుకోమన్నారు. చలిమంట బాగా వేసుకోమన్నారు. ఏడుపుగొట్టు నవలలకూ, ఏడుపుగొట్టు మనుషులకూ దూరంగా ఉండమన్నారు. కవిత్వం కూడా వద్దన్నారు పాపం! మిమ్మల్ని మీరు మరీ తక్కువ చేసుకోవద్దన్న మాట కూడా అందులో ఉంది.

తొమ్మిదేళ్ల తర్వాత ఆ చిట్కాలు ఆయనకే అవసరమయ్యాయి. 1829 ఏప్రిల్లో పెద్ద కొడుకు డగ్లస్ 24 ఏళ్ల వయసులో చనిపోయాడు. తన జీవితంలో తగిలిన మొదటి పెద్ద దెబ్బ ఇదేనని, దీన్ని ఎన్నటికీ మరచిపోలేనని ఆ ఏడాది చివర డైరీలో రాసుకున్నారు. ఆ వేసవిలోనే ఫోస్టన్ వదిలి సోమర్‌సెట్‌లోని కూంబ్ ఫ్లోరీకి మకాం మార్చారు.

అక్కడా ఇంటికొచ్చినవాళ్లను నవ్వించడం మానలేదు. ఇంత అందమైన తోటలో జింకలు కూడా ఉంటే ఎంత బాగుండేదో అని ఓ లండన్ ఆవిడ అంది. మళ్లీ ఆవిడ వచ్చేసరికి తోటలో రెండు జింకలు నిలబడి ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే కొమ్ములు కట్టుకున్న గాడిదలు! చెట్లకు నారింజ పళ్లు వేలాడుతున్నాయి. అవీ దారాలతో కట్టినవే.

మన దేశంలో ఇంగ్లిషు చదువులకూ, శిక్షాస్మృతికీ మూలపురుషుడైన మెకాలేతో ఆయనకు మంచి స్నేహం. మెకాలే మాట్లాడటం మొదలెడితే ఇక ఎదుటివాడికి సందు దొరకదు. ఇండియా నుంచి తిరిగొచ్చాక మనిషి బాగుపడ్డాడు, మధ్యమధ్యలో మౌనం కూడా తళుక్కుమంటోందన్నారు సిడ్నీ. పరగడుపున కాసేపు నడవమని ఆయన డాక్టరు చెప్పిన సంగతి కూడా బాగా ప్రచారంలో ఉంది. ఖాళీ కడుపు మీద నడవాలనేసరికి, ఎవరి కడుపు మీద అని అడిగారట!

డెబ్భై ఏళ్లు దాటినా పేపరు చదివి ఊరుకునే రకం కాదాయన. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు పట్టాలు తప్పి తగలబడింది. పెట్టెలకు బయటి నుంచి తాళాలు వేయడంతో జనం లోపలే కాలిపోయారు. దక్షిణ ధ్రువ ప్రాంతం దాకా ఓడ నడిపి క్షేమంగా తిరిగొచ్చిన నావికుడు డ్యూమాంట్ డర్విల్ కూడా భార్యతో, కొడుకుతో ఆ పెట్టెలోనే చనిపోయాడు. సిడ్నీ ఎక్కే గ్రేట్ వెస్టర్న్ రైళ్లలోనూ ప్రయాణికుల్ని లోపల పెట్టి తాళం వేసే అలవాటుంది. వెంటనే పత్రికకు ఉత్తరాలు రాశారు. మామూలు మనుషులు కాలిపోతే కంపెనీల్లో చలనం రాదని, కనీసం ఒక బిషప్ అయినా కాలితే తప్ప ఈ తాళాలు ఊడవని! బిషప్‌ల మీద ఆయనకు ఆ మాత్రం చనువు మిగిలే ఉంది. మరుసటేడు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం అప్పుల మీద వడ్డీ ఎగ్గొట్టి తన డబ్బు కూడా ముంచితే, వాళ్ల కాంగ్రెస్‌కే అర్జీ రాసి పరువు తీశారు.

ఎడ్మంటన్‌లో ఓ మధ్యాహ్నం

1843లోనే ఎడ్మంటన్ చర్చి పాస్టరు జేమ్స్ టేట్ కన్నుమూశారు. సెయింట్ పాల్స్‌లో సిడ్నీ సహచరుడాయన. ఆ చర్చి ఆదాయం మంచిది. నియమాల ప్రకారం దాన్ని సిడ్నీ తానే తీసుకోవచ్చు, లేదా తనకు నచ్చినవాళ్లకు ఇవ్వొచ్చు. టేట్ కొడుకు థామస్ అప్పటిదాకా తండ్రి దగ్గరే సహాయ పాస్టరు. తండ్రి పోయాడు, ఇక ఇల్లు పోతుంది, కొలువూ పోతుంది.

సిడ్నీ వాళ్లింటికి వెళ్లారు. నల్లబట్టల్లో ఉన్న ఆడవాళ్లూ, థామస్ కూర్చుని ఉన్నారు. టేట్ భార్య అక్కడ లేరు. భర్త ఉన్న గదిలోకి అడుగుపెట్టలేక అటక మీది గదిలో పడుకుంటున్నారు. సిడ్నీ కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఎడ్మంటన్ చర్చిని ఒకరికి ఇచ్చేశానని చెప్పారు. పొద్దున్నే ఆఫీసుకు ఉత్తరం కూడా రాసేశానన్నారు. ఆ వచ్చే ఆయన తన సహాయకుణ్ని తానే పెట్టుకుంటాడని కూడా చెప్పారు. ఆఖరి ఆశ కూడా పోయింది. గదిలో నిశ్శబ్దం. విచిత్రమేమిటంటే ఆయన ఇంటిపేరు కూడా టేటే, మీకు ఆ పేరున్న చుట్టాలెవరైనా ఉన్నారా అని అడిగారు సిడ్నీ. లేరన్నారు వాళ్లు. ఇంకా విచిత్రం, ఆయన పేరు కూడా థామస్ టేటే అన్నారు. వాళ్లింకా అయోమయంగా చూస్తుంటే, ఇక దాచి లాభం లేదు, ఎడ్మంటన్ పాస్టరువి నువ్వేనయ్యా అని థామస్‌తో అన్నారు.

ఇంటిల్లిపాదీ భోరున ఏడ్చారు. వాళ్లను చూసి సిడ్నీకీ దుఃఖం ఆగలేదు. చాలాసేపు ఏడ్చి, కాస్త తేరుకుని లేచి, చూస్తుంటే ఇది మీరు గుర్రబ్బండి కొనుక్కునే దాకా పోయేలా ఉందన్నారు. అంతే, అందాకా ఏడ్చినవాళ్లంతా అంత గట్టిగానూ నవ్వారు. పైనున్న పెద్దావిడ కబురు పెట్టి ఆయన్ను పిలిపించుకుని, వెక్కుతూ ముద్దు పెట్టుకున్నారు. ఈ సంగతంతా సిడ్నీ తన భార్యకు ఉత్తరంలో రాశారు.

మరుసటేడాది ఆయనకు జబ్బు చేసింది. మనిషి చిక్కిపోయారు. తన ఒంట్లోంచి ఓ సహాయ పాస్టరుకు సరిపడా కండ తీసేసినట్టున్నారని స్నేహితురాలికి రాశారు. ఎక్కడైనా పదహారు, పద్దెనిమిది పౌన్ల మాంసం దిక్కులేకుండా దొరికితే నాదేనని తెలుసుకోండి అన్నారు. లండన్ గ్రీన్ స్ట్రీట్‌లోని ఇంట్లో మంచం పట్టారు. చివరిదాకా సేవ చేసింది ఫోస్టన్‌లో పనికి చేరిన ఆనీ కే అనే నమ్మకమైన మనిషి. 1845 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. పెన్సిల్వేనియా వాళ్లు మళ్లీ వడ్డీ కట్టడం మొదలెట్టింది ఆ నెలలోనే.

ఆ మంచంలో ఉండగానే ఓ రోజు మందు వేసుకున్నాక ఏదో తేడా వచ్చిందని సీసాలు చూశారు. పొరపాటున మందుకు బదులు ఇంకు తాగి ఉంటారని చుట్టూ ఉన్నవాళ్లు హడలిపోయారు. అయితే ఇంట్లో ఉన్న అద్దుడు కాగితాలన్నీ పట్టుకురండి, మింగుతానన్నారాయన.